సెల్ఫ్ తీసుకోని పొద్దులు

జూలై 4

చినమావయ్యకు,

ఫోన్ చేస్తే మీకు వినపడదు, నేను అరిస్తే మా వీధంతా వింటుంది, అందుకని కాగితం పట్టుకున్నాను. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను, భూతద్దం వెతుక్కోనక్కర్లేదు. మీ తుంటి ఎముక అతుక్కుందో లేదో రాయండి. ఇక్కడ అందరం బాగున్నామని రాస్తే మీ అక్కగారు పక్కగదిలోంచే నవ్వుతారు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

బండి స్టార్ట్ కావడం లేదు. రోజూ కాదు. అయిన రోజు బుద్ధిగా అవుతుంది. కాని రోజు తాళం తిప్పితే డ్యాష్‌బోర్డులో దీపాలు వెలుగుతాయి గానీ సెల్ఫ్ తీసుకోదు. కనీసం టక్కుమని కూడా అనదు. నేను పరుగున వెళ్లి మలుపులో ఉండే మెకానిక్‌ని లాక్కొస్తాను. అతను ఇలా తాళం తిప్పుతాడు, అలా స్టార్ట్ అయిపోతుంది. "ఏంటమ్మా, పొద్దున్నే నాతో పరాచికాలా?" అంటాడు. నాకు తల కొట్టేసినట్టవుతుంది. పోయిన నెల బ్యాటరీ మార్చాడు. రెండు రోజులు బాగుండి మళ్లీ అదే వరస.

అత్తయ్యకి వారానికి మూడు పొద్దులు డయాలసిస్ అని మీకు తెలుసు. తెల్లవారకముందే బయల్దేరాలి. ఆ వేళ మా సందులోకి అద్దెబండి ఏదీ రాదు. మనం ఆలస్యమైతే మన మెషిన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు, పాపం వాళ్లదీ ప్రాణమే. ఒక వంతు తప్పితే ఆవిడ కాళ్లు పొంగుతాయి. రెండోది కూడా తప్పితే పడుకోలేరు, ఊపిరాడదు. ఇలా తప్పుతూ పోతే మనిషి దక్కదని డాక్టరు నా మొహం మీదే చెప్పేశారు.

మీ మేనల్లుడు పోయాక ఈ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఆవిడ కూడా పోతే నేనెవరితో పోట్లాడాలి మావయ్యా? ఆ బండిలో వైరింగంతా మీ చేత్తో వేసిందే కదా. పుణ్యం కట్టుకోండి, ఎక్కడ చూడాలో చెప్పండి.

మీ కోడలు

మరిచాను. ఉత్తరం రాస్తున్నానంటే అత్తయ్య ఏమన్నారో తెలుసా? "వాడికి రాయకే పిల్లా, వాడు చెప్పినవన్నీ చేసి చావాలి" అన్నారు.

జూలై 11

అమ్మాయ్,

ముందు ఆ మెకానిక్‌ని బండి దరిదాపులకి రానివ్వకు. రోగమేంటో తెలియకుండా బ్యాటరీ మార్చేవాడు రేపు సీట్లు కూడా మారుస్తాడు.

తుంటి అతుక్కుంది, వంకరగా అతుక్కుంది. మంచం నుంచి కిటికీ దాకా నా రాజ్యం. కింద బ్యాటరీల కొట్టులో వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో పెదాలు చూసి తెలుసుకుంటున్నాను. అన్నీ తప్పులే మాట్లాడుతున్నారు. చెబుదామంటే దిగలేను.

ఇప్పుడు విను. ఉండి ఉండి వచ్చే రోగాన్ని అది ఉన్నప్పుడే పట్టుకోవాలి. బాగున్న బండి ఏమీ చెప్పదు. స్టార్ట్ కానప్పుడు గాభరా పడి కుదపకు, తట్టకు, ఇంకోసారి చూద్దామని తాళం పదిసార్లు తిప్పకు. మెకానిక్ కోసం పరిగెత్తకు. హెడ్‌లైట్లు వేసి గోడ మీద వెలుగు చూస్తూ తాళం తిప్పు. వెలుగు చచ్చిపోతే బ్యాటరీ దగ్గరో, దాని లావు వైర్ల దగ్గరో లోపం. వెలుగు చెక్కుచెదరకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లడమే లేదు. అంతే, బ్రహ్మవిద్యేం కాదు.

ఏ రోజు, ఏ వేళ, చలా, వానా, బండి ఎక్కడ నిలబెట్టావు, అన్నీ రాయి. అనవసరం అనుకున్నది కూడా రాయి. నాకు చెవులు లేవు కాబట్టి నీ కళ్లే అప్పు కావాలి.

నాకు రాయొద్దనడానికి అక్క ఎవరు? దొంగతనంగా ఉప్పు తింటోందేమో డబ్బా దాచెయ్యి. చిన్నప్పటి నుంచీ దానికి నాలుక మీద అదుపు లేదు, తినడంలోనూ, తిట్టడంలోనూ.

చినమావయ్య

జూలై 23

చినమావయ్యకు,

మీరు చెప్పినట్టే చేశాను. నిన్న పొద్దున మళ్లీ మొండికేసింది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పితే గోడ మీద వెలుగు ఇసుమంతైనా తగ్గలేదు. వాన లేదు, చలి లేదు. పెరట్లో ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాను. ముందురోజు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బజారుకి వెళ్లొస్తే బంగారంలా నడిచింది. బజారు పనికి ఒక్కసారీ ఆగలేదు మావయ్యా, ఆసుపత్రి పొద్దునే ఆగుతుంది. నా ఖర్మ అలా ఏడ్చింది.

ఈసారి మెకానిక్ కోసం వెళ్లలేదు. బానెట్ ఎత్తి నిలబెట్టాను. ఇంతలో వెనక సీట్లోంచి అత్తయ్య, "కళ్లు తిరుగుతున్నాయే, తడిగుడ్డ తీసుకురా" అన్నారు. లోపలికి పరిగెత్తి తడిగుడ్డ తెచ్చేసరికి ఆవిడ బండి దిగి, బానెట్ పట్టుకుని నిలబడి ఉన్నారు. గాలి కోసం దిగానన్నారు. ఎక్కించి, ఊరికే తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది! ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మేం వెళ్లేసరికి మెషిన్ మీద వేరే ఆయన ఉన్నారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాం, ఎవరైనా మానేస్తారేమోనని. ఎవరూ మానలేదు. నేను వెంట తెచ్చుకున్న జాకెట్లకి కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను. అత్తయ్య నా చేతుల వంకే చూస్తూ కూర్చున్నారు. రాత్రికి ఆవిడ చెప్పులు పాదాలకి పట్టలేదు.

ఉప్పు డబ్బా దాచాను. "వాడికి చెవులు పోయినా నోరు పోలేదు" అన్నారు.

మీ కోడలు

ఆగస్టు 1

అమ్మాయ్,

బాగా చూశావు. వెలుగు తగ్గలేదంటే బ్యాటరీ నిర్దోషి. పాపం, పాత బ్యాటరీని అన్యాయంగా ఉరితీశారు.

మనిషి దిగి ఎక్కగానే స్టార్ట్ అయిందంటే ఎక్కడో వదులు జాయింటు ఉంది. బరువు మారినప్పుడు బండి ఒళ్లు కాస్త కదులుతుంది, వదులుగా ఉన్నది తగులుతుంది. అక్క ఏ వైపు ఎక్కుతుంది? ముందు ఎవరు ఎక్కుతారు? తలుపు గట్టిగా వేస్తుందా?

ఇంకోటి. ఆసుపత్రి పొద్దునే ఎందుకు ఆగుతుంది? బండికి వారాలు తెలియవు. ఆ రోజు నీ చేతిలోనే ఏదో తేడా ఉంది. తాళం సగమే తిప్పుతున్నావా? వెళ్లబుద్ధి కాని చోటికి వెళ్లేటప్పుడు మనిషి చెయ్యి మొరాయిస్తుంది. దాచకుండా రాయి.

పాత ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు చుట్టి టెస్ట్ ల్యాంపు చేసుకో. ఈ బండిలో సెల్ఫ్ స్విచ్చు బానెట్ ఎత్తగానే ఎడమ గోడకి, బ్యాటరీ పక్కనే కనిపిస్తుంది. దానికి సన్న వైరొకటి వచ్చి, ఇత్తడి క్లిప్పుతో తగులుకుని ఉంటుంది. క్లిప్పు మీద నల్ల రబ్బరు తొడుగు ఉంటుంది. ల్యాంపు ఒక కొస బండి ఇనుముకి, ఇంకో కొస ఆ క్లిప్పుకి ఆనించు. అక్కని తాళం తిప్పమను. బల్బు వెలిగిందా లేదా, అది రాయి చాలు.

ఈసారి బండి వదిలి అడుగు కదపకు. అక్క తడిగుడ్డ కాదు, తలగడ అడిగినా సరే.

చినమావయ్య

ఆగస్టు 9

చినమావయ్యకు,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు కుట్టు మిషను ముట్టుకోలేదు.

వెళ్లబుద్ధి కాని చోటికా? ఎవరికి వెళ్లబుద్ధి కాదు, నాకా? ఆవిడకి స్నానం చేయించేది నేను, కాళ్లు ఒత్తేది నేను, ఇచ్చే నీళ్లు చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చి, ఆవిడ తిట్లు తినేది నేను. మీ వైపు చుట్టాలు ఇప్పటికే గుసగుసలాడుతున్నారు, ముసలావిడ పోతే కోడలికి ఇల్లు దక్కుతుందని. బండి చెడిపోవడం కూడా నా నాటకమేనని ఒకావిడ గుమ్మంలో నిలబడి అంది. మీరూ ఆ జట్టులో చేరారన్నమాట.

తాళం పూర్తిగానే తిప్పుతున్నాను. అత్తయ్య కుడి వైపు ఎక్కుతారు. తలుపు నేనే వేస్తాను. బల్బుకి వైర్లు చుట్టి ఉంచాను.

మీ అక్కగారి కోడలు

ఆగస్టు 14

అమ్మాయ్,

నేను అడిగింది నీ చెయ్యి గురించి, నీ మనసు గురించి కాదు. ముప్పై నలభై ఏళ్లు బండ్లతో మాట్లాడి మనుషులతో ఎలా మాట్లాడాలో మరిచిపోయాను. నన్ను తిట్టు, నాకు వినపడదు కదా, ఎంతైనా తిట్టు. కానీ "మీ అక్కగారి కోడలు" అని మాత్రం రాయకు. చదివి ఆ పూట ముద్ద దిగలేదు.

గుమ్మంలో నిలబడి మాట్లాడినావిడ ఎవరో నేను ఊహించగలను. వాళ్లింట్లో ఫ్యూజు పోతే నన్నే పిలిచేది. ఈసారి చీకట్లో కూర్చోమను.

టెస్ట్ చెయ్యి తల్లీ. అక్క ఊపిరి సంగతి రాయి.

చినమావయ్య

ఆగస్టు 22

మావయ్యా!

దొరికింది! అక్షరాలు వంకరగా వస్తే సర్దుకోండి.

ఇవాళ పొద్దున తాళం తిప్పాను, చప్పుడు లేదు. బానెట్ ఎత్తాను. వెనకనుంచి అత్తయ్య తడిగుడ్డ అన్నారు, కదల్లేదు. కడుపులో తిప్పుతోందన్నారు, కదల్లేదు. "ఏమే, నీకు చెవుడా, ఆ చిన్నోడి గాలి సోకిందా?" అన్నారు. "మావయ్య కదలొద్దన్నారు అత్తయ్యా, కాస్త ఓర్చుకోండి" అన్నాను. తాళం తిప్పమంటే చెయ్యి వణుకుతోంది, తిప్పలేనన్నారు. సరే, ముందు క్లిప్పు ఎక్కడుందో చూద్దామని వంగితే మావయ్యా, ఆ సన్న వైరు ఊడిపోయి పక్కకి వేలాడుతోంది! టెస్ట్ ల్యాంపు అవసరమే రాలేదు. రబ్బరు తొడుగు చొక్కా చేతులు మడిచినట్టు రెండు మడతలు వెనక్కి మడిచి, చక్కగా ఉంది. తొడుగు విప్పి క్లిప్పు తోశాను. తాళం తిప్పాను. ఒక్క దెబ్బకి!

టైముకి వెళ్లాం. మెషిన్ మనదే. నర్సు నా మసి చేతులు చూసి "ఏంటమ్మా, కుట్టుపని మానేసి గ్యారేజీ పెట్టావా" అంది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. అత్తయ్య మాత్రం దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అలిసిపోయారేమో.

ఆ క్లిప్పు మళ్లీ ఊడకుండా ఏం చేయాలో రాయండి. మీరు దేవుడు మావయ్యా. మొన్న అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

మీ కోడలు

ఆగస్టు 30

అమ్మాయ్,

క్లిప్పుని కటింగ్ ప్లయరుతో కాస్త నొక్కి బిగుతుగా తోసెయ్యి.

అక్కని ఎక్కువ కసరకు. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు. తుంటి నొప్పిగా ఉంది.

చినమావయ్య

సెప్టెంబర్ 13

చినమావయ్యకు,

నేనంత సంతోషంగా రాస్తే మీరు రెండు ముక్కలు గీకి పంపారు. శభాష్ అంటారని ఎదురుచూశాను. పిచ్చిదాన్ని.

ఆ సంతోషం కూడా పోయిందిలెండి. క్లిప్పు ప్లయరుతో నొక్కాను. దాన్ని లాగాలంటే నాకే బలం చాలలేదు. అయినా పోయిన వారం మళ్లీ సెల్ఫ్ తీసుకోలేదు. చూస్తే క్లిప్పు తగులుకునే ఉంది. అత్తయ్య తాళం తిప్పారు, బల్బు వెలగలేదు. వైరు పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ పోయాను. చీకట్లో టార్చి నోట్లో పెట్టుకుని, చేతులు గీరుకుపోయి, చివరికి బ్యాటరీ వెనకాల నల్ల టేపు కింద ఇంకో జాయింటు ఉందని తెలిసింది. అది విడిపోయి ఉంది. దానికీ ఒక తొడుగు ఉంది, దానికీ రెండు మడతలు. అప్పటికే తెల్లారిపోయింది. వంతు పోయింది. తర్వాతి వంతుకీ ఇలాగే ఇంకో చోట.

మొన్న అత్తయ్యకి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పక్కింటివాళ్ల పాల వ్యానులో తీసుకెళ్లాం. బతికారు. ఇంకోసారి ఇలా వస్తే తీసుకురావడం కూడా దండగేనన్నారు డాక్టరు.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈ బండిని తగలబెట్టాలనిపిస్తోంది. మీకేదో తెలిసి కూడా చెప్పడం లేదనిపిస్తోంది. అలా అనిపించడం తప్పైతే క్షమించండి. తప్పు కాకపోతే చెప్పండి.

మీ కోడలు

సెప్టెంబర్ 20

అమ్మా,

తప్పు కాదు. నాకు తెలుసు. నీ ఆగస్టు ఉత్తరంలో ఆ రెండు మడతల ముక్క చదివినప్పుడే తెలిసింది. ఇన్ని రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను. కానీ బండి విషయంలో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

బండిలో ఏ లోపమూ లేదు. వైరు తీస్తున్నది అక్క.

నమ్మలేవు. నేనూ ఆ రాత్రంతా నమ్మలేదు. నా మొదటి గ్యారేజీ మీ పెరట్లోనే, నువ్వు ఆ ఇంటికి రాకముందు. అక్క వంట ముగించుకుని వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చునేది. సన్న వైర్లకి క్లిప్పులు నొక్కడం దాని పని. దాని వేళ్లు నావాటికంటే సన్నవి, ఓపిక నాకంటే ఎక్కువ. నేనూ, నా దగ్గర పనిచేసినవాళ్లూ రబ్బరు తొడుగుని ఒక్కసారి వెనక్కి తోసి లాగేసేవాళ్లం, చిరిగిపోయేది. అది రెండు మడతలు వేసి తీసేది. ఒక్కటీ చిరిగేది కాదు. లోకంలో ఇంకెవరూ అలా తియ్యగా నేను చూడలేదు. ఆ టేపు కింద జాయింటు ఉందని తెలిసింది కూడా మా ఇద్దరికే, అది వేసింది అక్కే.

మొదట్లో నువ్వు మెకానిక్ కోసం వెళ్లి వచ్చేలోపు మళ్లీ తగిలించేసేది. నిన్ను తడిగుడ్డకి పంపింది అందుకే. బరువు మారిందని, బండి ఒళ్లు కదిలిందని నేను పెద్ద పండితుడిలా రాశాను చూడు, దానికి చదివి వినిపించి ఉంటావు. ఎంత నవ్వుకుందో.

ఎందుకు చేస్తోందని నన్నడగకు. నీకూ తెలుసు. దాన్ని అరవకుండా అడుగు. నాకు ఇక్కడ కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

చినమావయ్య

అక్టోబర్ 1

మావయ్యకు,

అడిగాను. అరవకుండా అడుగుదామనే కూర్చున్నాను, అరిచాను.

ఆవిడ బుకాయించలేదు. "వాడికి ఇంత కాలం పట్టిందా? ముసలాడైపోయాడు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను స్నానానికి వెళ్లినప్పుడు గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లేవారట. బానెట్ ఎత్తడానికి ఊపిరి చాలక మధ్యలో ఆగి ఆగి ఎత్తేవారట. ఆ ఓపికతో నాలుగు ముద్దలు తినొచ్చుగా అన్నాను.

"నాకు విసుగొచ్చిందే. ఆ సూదులు, ఆ మంచం, రక్తమంతా బయటికి పోయి మళ్లీ చల్లగా లోపలికి రావడం. ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి మళ్లీ బయల్దేరమంటావు. చాలు" అన్నారు.

నోటితో చెప్పొచ్చుగా అన్నాను.

"చెబితే నువ్వు ఏడుస్తావు, బతిమాలతావు, నేను ఒప్పేసుకుంటాను. బండి ఆగిపోతే ఎవరి తప్పూ ఉండదనుకున్నా. నా కొడుకు పోయిన ఏడాదే నువ్వు నీ దారి చూసుకుంటావనుకున్నాను. వెళ్లలేదు. ఆ బెంచీ మీద కాజాలు కుట్టుకుంటూ ముసలిదానివైపోతున్నావు. నేనెంత కాలం ఉంటే అంత కాలం కుడతావు" అన్నారు.

మావయ్యా, నాకు వేరే దారేముంది, ఆవిడే నా దారి. అది ఆవిడకి ఎందుకు అర్థం కాదు? రాత్రి నిద్రలో ఆవిడ దగ్గు వినపడకపోతే లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నాకు కుదరదని చెప్పేశాను. బానెట్‌కి గొలుసు చుట్టి తాళం వేశాను. తాళంచెవి మెడలో వేసుకున్నాను. ఇక ఒక్క వంతు కూడా తప్పనివ్వను.

మీరు నెల ముందే చెప్పి ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేది కాదు. ఇది రాయకూడదనుకున్నాను, రాశాను.

మీ కోడలు

అక్టోబర్ 9

అమ్మా,

రాసి మంచిపని చేశావు. అది నిజమే, నేను దాన్ని మోస్తాను.

గొలుసు వేశావు. బండి ఇక ఆగదు. నా బుర్రకి తట్టే మరమ్మతు అంతవరకే. మనిషి సంగతి నాకు తెలియదు. చెడిన బండి చెడినట్టే ఉండనివ్వు, అప్పుడే నిజం చెబుతుందని నీకు రాసింది నేనే. ఆ మాట బండ్ల గురించి రాశాను. ఎవరికైనా సలహా ఇవ్వాలంటేనే భయం వేస్తోంది.

అది నాకు అక్క కాదు, అమ్మ తర్వాత అమ్మ. నువ్వు దాన్ని వదలకపోతే నాకు సంతోషం. వదిలేసినా నేను నిన్ను ఒక్క మాట అనను, ఎవర్నీ అననివ్వను. ఈ రెండూ ఒకేసారి రాస్తున్నందుకు నన్ను తిట్టుకో.

చినమావయ్య

అక్టోబర్ 18

మావయ్యకు,

గొలుసు వేశాక ప్రతి పొద్దూ బండి ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. ప్రతి వంతుకీ టైముకి వెళ్లాం. నర్సు మెచ్చుకుంది. కాళ్ల పొంగు తగ్గింది. కానీ డాక్టరు నన్ను పక్కకి పిలిచి, గుండె బాగా దెబ్బతిందనీ, మెషిన్ మీద ఉన్నా మహా అయితే కొన్ని నెలలనీ, మెషిన్ మానేస్తే కొన్ని రోజులేననీ చెప్పారు.

అత్తయ్య నన్ను తిట్టడం మానేశారు మావయ్యా. నీళ్ల గ్లాసు చిన్నదిగా ఉందని అనరు. ఉప్పు లేదని అనరు. లెమ్మంటే లేస్తారు, ఎక్కమంటే ఎక్కుతారు. మెషిన్ మీద పైకప్పు చూస్తూ పడుకుంటారు. నేను కాజాలు కుట్టడం మానేసి ఊరికే కూర్చుంటే అటు కూడా చూడరు. ఒకరోజు కావాలనే పులుసులో గుప్పెడు కారం వేశాను, నోరు చేసుకుంటారేమోనని. కళ్లనీళ్లు కారుతుండగా తినేసి కంచం కడిగి పెట్టారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

ఇవాళ ఆసుపత్రి పొద్దు. లేపడానికి వెళ్లేసరికి ఆవిడ అప్పటికే లేచి ఉన్నారు. జుట్టు దువ్వుకుని, చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయారు. లేవలేక మళ్లీ చెయ్యి ఆనించి ప్రయత్నించారు. నా కోసం, నేను బాధపడతానని.

"బండి స్టార్ట్ కావట్లేదు అత్తయ్యా" అన్నాను.

అసలు నేను పెరట్లోకే వెళ్లలేదు. గొలుసు తాళంచెవి నా మెడలోనే ఉంది, ఆవిడకి కనపడుతూనే ఉంది. ఆవిడ తాళంచెవి వంక, తర్వాత నా మొహం వంక చూశారు.

"అలాగా. మెకానిక్‌ని పిలుస్తావా?" అన్నారు.

"వద్దులెండి" అన్నాను.

ఆవిడ చెప్పులు విప్పేశారు. మంచం మీద గోడ వైపు జరిగి నాకు చోటిచ్చారు. పక్కన పడుకున్నాను. కాసేపటికి, "కాళ్లు ఎంత చల్లగా ఉన్నాయే నీవి, దూరంగా పెట్టుకో" అని తిట్టారు. ఎన్నాళ్లకి తిట్టారో! ఇప్పుడు నిద్రపోతున్నారు. నేను ఆ మంచం మీదే కూర్చుని ఇది రాస్తున్నాను.

చేసింది తప్పో ఒప్పో మీరేం చెప్పొద్దు. ఆవిడకి ఒక ఉత్తరం రాయండి. బండి గురించి వద్దు. మీ చిన్నప్పటివి, మీరిద్దరూ పోట్లాడుకున్నవి, ఆవిడ మిమ్మల్ని కొట్టినవి రాయండి. నేను చదివి వినిపిస్తాను. ఇది అందిన రోజే పోస్టులో వెయ్యండి మావయ్యా.

మీ కోడలు